తాళం తీసినా ఆరని లైటు

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బండ్లకు వైరింగ్ చేసే రేకుల షెడ్డులో పసుపుపచ్చ స్కూలు వ్యాను ఆగి ఉంది. స్టీరింగ్ కింద తల దూర్చి మేస్త్రి పని చేస్తున్నాడు. తలుపు పట్టుకుని వ్యాను డ్రైవరు భార్య నిలబడి ఉంది.

"అక్కడ కాదన్నయ్యా. ఇంకా లోపలికి నెట్టండి. అక్కడైతే ఆయన చేతికి తగులుతుంది."

"డాష్‌బోర్డు వెనక చెయ్యెందుకు పెడతాడు చెల్లెమ్మా?"

"పెడతారు. ఎక్కడ కిర్రుమన్నా ముందు చెయ్యి పెట్టి తడుముతారు. ఈ వ్యానులో ఏ స్క్రూ వదులైందో ఆయనకి తెలుసు. ఇంట్లో నేనున్నానో లేనో మాత్రం తెలీదు."

"అది సరే. మొగుడికి తెలీకుండా మొగుడి బండికి ట్రాకరెందుకో అది చెప్పవేం?"

"చెప్పాగా. దొంగల భయం."

"దొంగలా! దీనికా? సీట్ల కింద చూశావా? చాక్లెట్ కాయితాలు, విరిగిన స్కేలు, ఎవడిదో ఒంటి బూటు. దొంగ ఎత్తుకెళ్లినా మర్నాడు కడిగి తెచ్చిచ్చి పోతాడు."

"మీరు నవ్వించి నా నోట్లోంచి మాట లాగక్కర్లేదు. పని కానివ్వండి. ఆయన భోంచేసి పడుకున్నారు. రెండున్నరకి లేస్తారు. మూడింటికల్లా బడి దగ్గరుండాలి."

"బండి ఎవరు తెచ్చారు, నువ్వేనా?"

"నాకెక్కడొచ్చు! మా తమ్ముడు తెచ్చి దింపిపోయాడు. హారన్ సరిగ్గా మోగట్లేదని చెబుదాం, ఆయన అడిగితే."

"చెబుదాం, అంటే? నేను కూడానా?"

"మీరు కూడా. అన్నయ్యా అని పిలిచినందుకు ఆ మాత్రం చెయ్యరా?"

"బావతో అబద్ధం ఆడటం నావల్ల కాదు."

"కాదూ?"

"ఏంటా చూపు?"

"ఏం లేదు. ఆ ఎర్ర వైరు ఎక్కడ కలుపుతున్నారు?"

"మూడే వైర్లు. నల్లది బండి ఇనుముకి. పసుప్పచ్చది తాళానికి, అంటే తాళం తిప్పావో లేదో దీనికి తెలియడానికి. ఎర్రది కరెంటుకి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు."

"ఏ కరెంటుకి?"

"కరెంటంటే కరెంటే! ఎన్ని రకాలుంటుంది? కాస్త పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డొస్తున్నావు."

"జరిగా. ఫ్యూజుల దగ్గర కాకుండా ఆ లావు వైరులోంచి తీస్తున్నారేం?"

"నేను నీ కుట్టు మిషను దగ్గరికొచ్చి, దారం అటు నుంచి ఎక్కిస్తున్నావేం అని అడిగానా ఎప్పుడైనా?"

"అడగలేదు. కానీ మీ ఆవిడ మాత్రం అడుగుతుంది, ప్రతి జాకెట్టుకీ. నేను విసుక్కోకుండా చెబుతా."

"మహాతల్లీ, నీకో దణ్ణం. ఇదిగో, అతుకు వేశా, టంకం పెట్టా, టేపు చుట్టా. బ్యాటరీ తగిలించి తాళం తిప్పుతున్నా చూడు. వెలిగిందా, పచ్చ లైటు?"

"వెలిగింది."

"నీ ఫోన్లో చూసుకో. చుక్క కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. మీ షెడ్డు మీదే ఉంది చుక్క."

"అయిపోయింది ఇక. మూత బిగించేస్తా."

"ఆగండి. తాళం తీసెయ్యండి."

"ఎందుకూ?"

"ఊరికే. తీయండి ఒకసారి."

"టైమవుతోందని నువ్వేగా కంగారుపెట్టావు..."

"తీయండన్నయ్యా... ఆరిపోయింది."

"ఆరిపోదా మరి? బండి ఆపితే ఆరుతుంది."

"ఆరకూడదట. తాళం తీసినా ఆ లైటు మెల్లగా కొట్టుకుంటూనే ఉండాలట. కొన్న కొట్లో నిలబెట్టి చెప్పాడు. ఎర్ర వైరుకి రాత్రీపగలూ కరెంటు ఉండాలి, లేకపోతే మేస్త్రి పప్పులో కాలేసినట్టే, మేస్త్రికి డబ్బులిచ్చే ముందు తాళం తీసి చూసుకోమ్మా అన్నాడు."

"కొట్లో కూర్చునేవాడికేం తెలుసు? ఎప్పుడూ కరెంటు ఇస్తే బ్యాటరీ దిగిపోతుంది."

"అంత తాగదట. నెల్లాళ్లు బండి తియ్యకుండా ఉంటే తప్ప ఏం కాదట."

"అవన్నీ అమ్ముకునే మాటలు."

"ఆయన నంబరుంది. ఫోన్ చెయ్యనా? మీరే మాట్లాడండి."

"ఫోనెందుకులే ఇప్పుడు."

"నడుస్తున్న బండి ఎక్కడుందో నాకెందుకన్నయ్యా? రోడ్డు మీద ఉంటుంది. ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో కావాలి నాకు. సరిగ్గా ఆగినప్పుడే ఇది కళ్లు మూసుకునేట్టు చేశారు. పని చేతకాక చేశారా, కావాలని చేశారా?"

"ఏయ్! ఏమన్నా అను గానీ నా పనినంటే ఊరుకోను. ఇరవై ఏళ్లుగా ఈ షెడ్డులో..."

"అయితే కావాలనే చేశారు."

"అట్లా అన్నానా నేను?"

"ఇప్పుడేగా అన్నారు. చేతకాక కాదంటే ఇంకేమిటి?"

"అబ్బబ్బా! నీతో మాట్లాడటం కంటే లారీ కింద పడుకోవడం నయం."

"పడుకునే సంగతి మీరే ఎత్తారు. తొమ్మిదింటికల్లా పిల్లల్ని దింపేస్తారు ఆయన. బడి నుంచి ఇల్లు పది నిమిషాలు. ఇల్లు చేరేది పదింటికి. ఆ యాభై నిమిషాలు ఏం చేస్తారు?"

"టీ తాగుతాడు. తోటి డ్రైవర్లతో నాలుగు కబుర్లు చెప్పుకుంటాడు. మగాడన్నాక..."

"మీరు చూశారా టీ కొట్టు దగ్గర?"

"నాకు పన్లుండవా, టీ కొట్ల చుట్టూ తిరగడానికి!"

"టీ తాగితే చొక్కా వీపుకి నూనె మరకెందుకవుతుంది? ముందు కదా పడాలి? రోజూ వీపుకే. ఉతికి ఉతికి నా చేతులు అరిగిపోతున్నాయి."

"సీటుకి ఉంటుంది నూనె."

"సీటు నిన్న నేనే కడిగా. ఇందాక మంచినీళ్లకని వెనక గదిలోకి వెళ్లా కదా. అక్కడ బల్ల మీద తలగడ ఉంది. ఆ నీలం గళ్ల గలేబు ఎవరిది?"

"నాదే. ఎప్పుడో కొన్నా."

"ఎక్కడ?"

"బజార్లో... ఇదేం ప్రశ్న? తలగడ గలేబుకి కూడా లెక్క చెప్పాలా?"

"అది నేను కుట్టిందన్నయ్యా. మా పెద్దవాడి చొక్కా గుడ్డ మిగిలితే కుట్టా. మూల దగ్గర గుడ్డ చాలక వేరే ముక్క అతికా. మా ఇంట్లో తలగడతో సహా మాయమై ఇరవై రోజులైంది. అడిగితే ఆయన, ఎలకలు ఎత్తుకెళ్లాయేమో అన్నారు."

"ఎలకలా!"

"తలగడ ఎత్తుకెళ్లే ఎలకలు! మీ ఇద్దరూ కలిసి నా చెవిలో బాగానే పువ్వులు పెడుతున్నారు."

"చూడు చెల్లెమ్మా. నువ్వేం అనుకుంటున్నావో నాకు తెలుసు. నా మాట నమ్ము. బావ అలాంటివాడు కాదు."

"ఎలాంటివాడు కాదు?"

"అదే... ఇంకో ఆడమనిషి, ఆ గొడవలు. ఈ షెడ్డులో అలాంటివి జరగనిస్తానా నేను? పొద్దున వచ్చి కాసేపు నడుం వాలుస్తాడు. అంతే. ఒంటరిగానే. ఒట్టు."

"ఇంకో ఆడమనిషా!"

"నవ్వుతావేం?"

"అదే అయితే ఎంత బావుండేది. జుట్టు పట్టుకుని దెబ్బలాడేదాన్ని. నాలుగు రోజులు ఏడిచి ఊరుకునేదాన్ని."

"ఏమన్నావ్?"

"ఏం అన్లేదు."

"అన్నావు. అదే అయితే బావుండేదన్నావు. మరి నువ్వు దేని గురించి ఆరా తీస్తున్నావు?"

"మీరు దేని గురించి దాస్తున్నారో దాని గురించే."

"నేనేం దాచట్లేదు."

"ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండి, మనిషి మీ షెడ్డులో ఎందుకు పడుకోవాలి?"

"అలసట. పొద్దున్నే లేస్తాడు కదా."

"ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే లేస్తున్నారు. అలసట ఇరవై రోజుల కిందటే వచ్చిందా?"

"వయసు మీద పడట్లా?"

"సరే. వేరే సంగతి అడుగుతా. మీ పాప ఎలా ఉంది?"

"మా పాపకేం? బానే ఉంది. దాన్నెందుకు తెస్తావు మధ్యలోకి?"

"మూడేళ్లుగా ఈ వ్యానులోనే వెళ్లేది కదా. కిటికీ పక్క సీటు దానిదే. ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఇప్పుడు రోజూ మీరే స్కూటరు మీద దింపుతున్నారట. ఎప్పట్నించీ?"

"ఈ మధ్యే. దానికి వ్యానులో వాంతులొస్తున్నాయి."

"ఇరవై రోజుల్నించి."

"లెక్కపెట్టానా నేను?"

"నేను లెక్కపెట్టా. మీ పాపని దింపేశారు. మిగతా పద్నాలుగు మందిని ఉంచేశారు."

"అట్లా అనకు."

"ఎలా అనను?"

"అట్లా అనకమ్మా, నీకు పుణ్యముంటుంది. నేను ఒట్టేశాను వాడికి. నోరు విప్పనని పాప మీద ఒట్టేయించుకున్నాడు. పిల్ల మీద ఒట్టంటే నాకు భయం."

"మీరు విప్పకండి. నేను విప్పుతా, మీరు అవునో కాదో చెప్పండి. ఆయన ఉన్నట్టుండి అలా చూస్తూ ఉండిపోతారు. కళ్లు తెరిచే ఉంటాయి. పిలిస్తే పలకరు. అవునా, కాదా?"

"అవును."

"వారం కిందట కుళాయి దగ్గర అలాగే నిలబడిపోయారు. బకెట్ నిండి, పొర్లి, కాళ్ల మీద నుంచి నీళ్లు పోతున్నాయి. నేను వెళ్లి భుజం పట్టుకుని కుదిపితే, ఏంటలా మీద పడతావని కసిరారు. ఏమీ ఎరగనట్టే పంపు కట్టేసి వెళ్లిపోయారు."

"ఇక్కడా అంతే. డ్రైవరు సీట్లో కూర్చుని టీ తాగుతున్నాడు, నేను బల్బు మారుస్తున్నా. గ్లాసు జారి పడింది. చూస్తే ముందుకే చూస్తున్నాడు, బొమ్మలాగా. రెండు నిమిషాలుంటుంది. తర్వాత లేచి, బల్బు అయిందా బావా అన్నాడు. కింద పడ్డ గ్లాసు చూసి, ఎవరు పగలగొట్టారన్నాడు."

"అప్పుడే నాకెందుకు చెప్పలేదు?"

"డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాగా. నన్ను బయట కూర్చోమని తనొక్కడే లోపలికెళ్లాడు. వచ్చి, నీరసమట, బిళ్లలిచ్చాడు, కాసేపు పడుకుంటే పోతుందట అన్నాడు."

"మీరు నమ్మారు."

"నమ్మాను."

"నమ్మితే పాపనెందుకు దింపేశారు? చెప్పండి."

"ఏం చెప్పను? నమ్మాలని నమ్మాను. రోజూ లేచాక తాళం ఇచ్చే ముందు, ఇవాళ ఏ వారం, నీ పేరేంటి, మీ ఆవిడ పేరేంటి అని అడిగేవాణ్ణి. అన్నీ సరిగ్గా చెబితేనే తాళం ఇచ్చేవాణ్ణి. అది చాలనుకున్నా. పిచ్చి వెధవని."

"డాక్టరు నీరసం అన్లేదు. మొన్న ఆయన చొక్కా కాలరు తిరగేసి కుడుతుంటే, జేబు అస్తరులో కాయితం గరగరమంది. మడిచి లోపల పెట్టి పైన కుట్టేసుకున్నారు. ఆయన కుట్టు! దబ్బనంతేసి కుట్లు! విప్పి చూశా. బండి నడపరాదు అని రాసి, కింద రెండు గీతలు గీశాడు డాక్టరు."

"అయ్యో. నాతో అబద్ధం చెప్పాడా?"

"మీతో ఆయన, నాతో మీరు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? మొన్న చూశా ఆ కాయితం. నిన్నా ఇవాళా చొక్కా ఇస్త్రీ చేసి నా చేత్తోనే ఇచ్చి పంపా. వ్యాను తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డా. ఇదీ నేను చేసిన ఘనకార్యం."

"నిలదీయలేకపోయావా?"

"ఏమని? ఆయనకి బండి తప్ప ఇంకేం వచ్చు? పెళ్లిచూపుల్లో కూడా నన్ను చూడలేదు, మా నాన్న స్కూటరు చప్పుడు తేడాగా ఉందన్నారు. ఈ మాట బయటికొస్తే రేపట్నించి జనం ఆయన్ని ఎలా చూస్తారు? వీధిలో పిల్లలు కూడా పక్కకి తప్పుకుంటారు. అది తలుచుకుంటేనే నోరు పెగలట్లేదు నాకు."

"మరి ఈ ట్రాకరుతో ఏం చేస్తావమ్మా? ఎక్కడ ఆగిపోయాడో చూసి పరిగెడతావా?"

"నిన్నటిదాకా అదే అనుకున్నా. కొట్టువాడితో మాట్లాడాక బుద్ధొచ్చింది. ఇదిగో, ఇది కూడా ఇచ్చాడు. సంచిలోనే ఉంచా. మీరెటువైపో తెలిశాక తీద్దామని."

"రిలే! ఇంజను ఆపే డబ్బా ఇది."

"ఫోన్లోంచి మెసేజ్ పెడితే బండి కదలదట."

"వద్దు. నడిచే బండిని మధ్యలో ఆపితే, వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు. బావకేం అయినా కాకపోయినా పిల్లలకి ముప్పు."

"నడిచేదాన్ని ఆపమనట్లా. అసలు మొదలవకుండా చెయ్యలేరా?"

"చెయ్యొచ్చు. స్టార్టరుకి వెళ్లే వైరు కోసి మధ్యలో దీన్ని పెడితే, నడుస్తుంటే ఏం చెయ్యదు. ఆగిందా, మళ్లీ నువ్వు ఊ అంటే గానీ లేవదు. కానీ ఇంత తతంగం ఎందుకు? ఒక ఫ్యూజు పీకేస్తే సరిపోతుందిగా."

"పీకేస్తే రెండు నిమిషాల్లో కనిపెడతారు. కనిపెట్టలేకపోతే మిమ్మల్ని అడుగుతారు. బావా, ఒక్క ట్రిప్పే అని గడ్డం పట్టుకుంటే మీరు పెట్టేస్తారు. మీరు మెత్తటి మనిషి. మీ చేతుల్లో ఉండకూడదు, ఆయన చేతుల్లో ఉండకూడదు. నా ఫోన్లో ఉండాలి."

"ఇవాళ పిల్లల సంగతి?"

"బడికి చెప్పేశా. శనివారం దాకా రెండో వ్యాను రెండు ట్రిప్పులేస్తుంది. శనివారంతో మా తమ్ముడికి లారీ డ్యూటీ అయిపోతుంది, సోమవారం నుంచి వాడు తోలతాడు. ఈయన పక్కన కూర్చుని వాణ్ణి తిట్టుకుంటూ ఉండొచ్చు."

"బండి పాడవకముందే పాడైందని చెప్పేశావా?"

"చెప్పడం నా వంతు. పాడుచెయ్యడం మీ వంతు."

"ఇలా ఇవ్వు ఆ డబ్బా. ఎర్ర వైరు కూడా మారుస్తా. ఈసారి నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తా, మధ్యలో ఫ్యూజు వేసి. అదిగో, ఆ టార్చి పట్టుకో. పిన్నీసులా కాదు, సరిగ్గా."

"పట్టుకున్నా. అన్నయ్యా, కోపమొచ్చిందా?"

"నీ మీద కాదు. మాట్లాడించకు... ఆ. ఇప్పుడు తాళం తీశా. చూడు."

"కొట్టుకుంటోంది. ఆరలేదు."

"మెసేజ్ పెట్టు."

"పెట్టా."

"వచ్చింది, టిక్‌మంది రిలే. ఇక దేవుడు దిగొచ్చినా స్టార్టవదు. మూత బిగిస్తున్నా."

"అన్నయ్యా! వీధి మలుపులో ఆయనే! అప్పుడే లేచిపోయారు. నేను వెనక గదిలో ఉంటా. నేనున్నానని చెప్పకండి."

"నేనొక్కణ్ణీ ఏం చెప్పను వాడికి?"

"ఇరవై రోజులు నాకు చెప్పినట్టే చెప్పండి."

"చెల్లెమ్మా... లోపలికెళ్లిపోయింది. రా బావా, రా! ఏంటి ఎండన పడి నడిచొచ్చావు?"

"నిద్ర లేచి చూస్తే బండి లేదు. పక్కింటాయన, నీ దగ్గరుందన్నాడు. ఎవరు తెచ్చారు?"

"చెల్లెమ్మ పంపింది. హారన్ మోగట్లేదట."

"పొద్దున మోగిందే! గేటు దగ్గర నేనే కొట్టా. మా ఆవిడేది మరి, ఇక్కడే ఉందా?"

"లేదు. దారం రీళ్లకని బజారుకెళ్లింది."

"హారన్‌కి డాష్‌బోర్డు మూత విప్పడమెందుకు?"

"వైరు అక్కణ్ణించే కదా వెళ్తుంది."

"నాకు నేర్పకు. ఏదో దాస్తున్నావు. ఆవిడ ఏమన్నా అడిగిందా నిన్ను?"

"ఏం అడుగుతుంది?"

"ఏమో. రెండు రోజులుగా అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూస్తోంది. నువ్వు నోరు జారలేదు కదా?"

"నేను జారలేదు."

"ఒట్టు గుర్తుందిగా?"

"ఉంది. ఇవాళ ఏ వారం బావా?"

"గురువారం. నా పేరు, మా ఆవిడ పేరు కూడా కావాలా? టైమైంది, తాళం ఇలా పడెయ్."

"ఇదిగో."

"... ఏంటిది? కిమ్మనట్లా."

"ఇంకోసారి తిప్పు."

"లైట్లన్నీ వెలుగుతున్నాయి. స్టార్టరు మాత్రం చప్పుడే లేదు."

"మళ్లీ చూడు."

"లేదు. చచ్చింది."

"బావా? ఏంటలా స్టీరింగ్ మీద తల పెట్టావు? బావా! మళ్లీ వచ్చిందా? ఇటు చూడు!"

"రాలేదు. అరవకు. తెలివిగానే ఉన్నా."

"మరి లేవవేం?"

"పిల్లల్ని ఎవరు తెస్తారు?"

"రెండో వ్యాను వెళ్తుంది. నేను కనుక్కుంటాలే."

"అందరినీ ఇళ్లకి చేరుస్తాడా?"

"చేరుస్తాడు."

"ఇది రేపటికి అవుతుందా?"

"అవదు. రేపు కూడా అవదు."

"నిజంగానా?"

"నిజంగానే. తిట్టు బావా, ఏదో ఒకటి అను. ఇలా ఊరుకుంటే నాకు భయమేస్తోంది."

"రోజూ పొద్దున తాళం తిప్పేముందు అనుకునేవాణ్ణి, ఇవాళైనా ఇది మొండికేస్తే బావుణ్ణని. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు ముదనష్టపుది. తిప్పడం ఆలస్యం, లేచి కూర్చునేది. పిల్లలేమో వెనకాల పాటలు."

"బావా..."

"నాకై నేను మానలేకపోయాను రా. దీన్ని బాగుచెయ్యకు. మా ఆవిడొచ్చి కాళ్లావేళ్లా పడినా సరే, ఇక బాగవదని చెప్పెయ్."